పూర్ణమ్మ కోరిక: ఆత్మహత్యామృతులును మన జనకళలును

మరణించినవారిని స్మరించుకొనుటకు ప్రతి జాతియు కొన్ని పద్ధతుల నేర్పరచుకొన్నది. మనకును తద్దినము కలదు. పుట్టిన బిడ్డకు పోయినవారి పేరు పెట్టుకొను ఆచారము కలదు. గోడమీది పటమునకు పూలదండ కలదు. పొలిమేరలలో వీరగల్లులు కలవు. కాని యీ గౌరవములు మృతులందరికిని సమానముగ లభించుట లేదు. తన చేత తానే ప్రాణము విడిచిన మనుష్యుని పేరు పెక్కు ఇండ్లలో మరునాటినుండియే వినరాదు. పటము పెట్టెయడుగునకు పోవును. శుభలేఖలో కీర్తిశేషుల వరుసయందైనను ఆ పేరునకు చోటు దొరకదు. పరామర్శకు వచ్చినవారు గొంతు తగ్గించి అడుగు ప్రశ్న యొక్కటే: "ఎందుకు?" ఆ ప్రశ్నకు బదులు చెప్పజాలని తల్లియో, భార్యయో, తోబుట్టువో తన యింటనే తాను దోషివలె తల వంచుకొని కూర్చుండవలసి వచ్చును. ఈ మౌనమును భేదించుటకు మన జనకళలు ఇంతవరకు ఏమి చేసినవి, ఇకమీద ఏమి చేయగలవు అనునదే ఈ వ్యాసమున విచారింపదలచిన విషయము.

విషయము చిన్నది కాదు. ప్రభుత్వపు లెక్కల ప్రకారము 2022లో మన దేశమున ఆత్మహత్యవలన మరణించినవారు 1,70,924 మంది. ఈ లెక్కను ఏటేట ప్రకటించునది దొంగతనములను, దోపిడీలను లెక్కించు జాతీయ నేరగణాంక సంస్థయే యగుట గమనింపదగినది. 1860 నాటి శిక్షాస్మృతి 309వ విభాగము ఆత్మహత్యాప్రయత్నమును నేరముగ పరిగణించినది. 2017 నాటి మానసికారోగ్య సంరక్షణ చట్టము తన 115వ విభాగమున, అట్టి ప్రయత్నము చేసిన వ్యక్తి తీవ్రమైన మానసిక పీడనమునకు లోనైనట్లు భావింపవలెననియు, శిక్షింపరాదనియు చెప్పినది. 2024 జూలై 1వ తేదీనుండి అమలునకు వచ్చిన భారతీయ న్యాయసంహిత పాత 309వ విభాగమును విడిచిపెట్టి, ప్రభుత్వోద్యోగి విధినిర్వహణమును అడ్డగించుటకై చేయు ప్రయత్నమును మాత్రమే నేరముగ నిలుపుకొన్నది. శాసనము తన మాటను సవరించుకొనుటకు నూట అరువది యేండ్లకు మించి పట్టినది. మన నాలుక ఇంకను సవరించుకొనలేదు.

మన వాడుకలోని మాటలనే చూడుడు. 'ఆత్మహత్య' యను పదములో హత్య యున్నది. హత్య యున్నచోట హంతకుడుండవలెను. పత్రికలవారు 'ఆత్మహత్యకు పాల్పడెను' అని వ్రాయుదురు. ఈ 'పాల్పడు' అను క్రియను మనము లంచమునకు, దొంగతనమునకు, దౌర్జన్యమునకు వాడుచున్నాము. 'అఘాయిత్యము' అనునది మరియొక మాట. 'దుర్మరణము' అనునది పురోహితుల మాట. మనుస్మృతి పంచమాధ్యాయము ఆత్మత్యాగము చేసినవారికి ఉదకక్రియ లేదని శాసించినది. పిమ్మటి ధర్మశాస్త్రకారులు నారాయణబలి యను ప్రత్యేకవిధి ద్వారా ఆ ద్వారమును కొంత తెరచిరి. ఇదే భాషలో మనము పూజించు మృతులకు వేరు మాటలు కలవు: ఆత్మార్పణము, ప్రాణత్యాగము, ఆహుతి. ఒక వైపున నింద, మరియొక వైపున స్తుతి. అప్పులపాలైన రైతునకు, పరీక్ష తప్పిన పిల్లవానికి, వ్యాధిచేతనో విషాదముచేతనో క్రుంగిన గృహిణికి ఈ రెండింటి నడుమ నిలువదగిన మాట లేదు. కళ భాషనుండి పుట్టునది గనుక ఈ లోటు కళకును సంక్రమించినది.

స్తుతిపక్షమున మన జనకళ చేసిన కృషి సామాన్యమైనది కాదు. పెనుగొండలో వాసవీకన్యక, ఆమెతో నూట రెండు గోత్రముల దంపతులు అగ్నిప్రవేశము చేసిన కథను తెలుగు వైశ్యులు తాము వెళ్ళిన ప్రతి సీమకును వెంట గొనిపోయిరి. కర్ణాటకమునను తమిళనాటను వారు స్థిరపడిన పట్టణములలో కన్యకాపరమేశ్వరి ఆలయము సర్వసాధారణము. ఆంధ్రదేశమున పల్లెపల్లెను పేరంటాండ్ర గుళ్ళున్నవి. కన్నడసీమలో పొలముగట్లమీద కనబడు మాస్తికల్లులపై గాజులతో పైకెత్తిన చేయి చెక్కబడియుండును. ఈ కథలు, ఈ శిలలు, ఈ జాతరలు చేసిన మేలు స్పష్టము. అవి మృతురాలి పేరును నిలిపినవి. ఏకాంతముగ ఒక యింట కుళ్ళిపోవలసిన దుఃఖమును ఊరందరి ఉత్సవముగ మార్చినవి. సామూహికకళకు ఇంతకు మించిన శక్తి వేరొకటి లేదు.

అయినను ఈ శక్తికి రెండు పరిమితులు కలవు. మొదటిది: దేవత యైనవారికే ఇచ్చట స్థానము. మామూలు మనుష్యులకు గుడి కట్టువారు లేరు. రెండవది: కథ మృతురాలితో ఆగిపోవును. కన్యక ఆహుతియైన మరునాడు ఆ ఊరిలో మిగిలినవారి సంగతి ఏమయ్యెనో కథకుడు చెప్పడు. పేరంటాలి తల్లి ఎటుల బ్రతికెనో జాతరపాటలో వినబడదు. మనము మృతులకు గుడి కట్టితిమి గాని దుఃఖితులకు పీట వేయలేదు.

ఈ రెండు పరిమితులను తాకి చూచిన మొదటి ఆధునికకవి గురజాడ అప్పారావుగారు. 'కన్యక' గేయమున ఆయన పాతకథను తిరిగి చెప్పిరి. 'పూర్ణమ్మ' గేయమున పాతకథ లేని ఒక మామూలు ఇంటిపిల్లను గూర్చి చెప్పిరి. పూర్ణమ్మ పూజారియింటి బిడ్డ. తోబుట్టువులతో పూలు కోసి దుర్గను కొలుచుకొను పిల్ల. ధనాశచే తలిదండ్రులు ఆమెను ఒక ముదుసలికి కట్టబెట్టుదురు. ఆమెను కాపురమునకు గొనిపోవు దినము రాగా, ఆమె తనవారివద్ద సెలవు తీసికొని, దుర్గకోవెలవైపు పోయి తిరిగిరాదు. కథ యింతే. దానిని కవి పండితసభకు చెప్పలేదు; ఆడుపిల్లలను పిలిచి, కూర్చుండబెట్టుకొని చెప్పెను. దాని నడక పాటకు అనుకూలమైనది గనుకనే అది పుస్తకము దాటి పాఠశాలలకు, రంగస్థలమునకు, ఇంటింటికిని వ్యాపించి జనులసొత్తైనది.

ఈ గేయమును కన్యాశుల్కదురాచారమును ఖండించు రచనగ మనము చదువుకొనుట పరిపాటి. అది నిజమే. కాని మృతులను, మిగిలినవారిని దృష్టియందుంచుకొని చదివినచో మరియొక అంశము ముందునకు వచ్చును. గేయమునకు హృదయస్థానము పూర్ణమ్మ మరణము కాదు, ఆమె వీడ్కోలు. ఆ వీడ్కోలులో ఆమె ఎవరిని దూషింపదు. తోబుట్టువులను రెండు కోరికలు కోరును: ఇంటివారందరు కూడి సంతోషముగ నున్న సమయమున తన పేరు ఒక్కమారు తలచుకొనవలెనని, వారికి పుట్టబోవు ఆడుబిడ్డలలో ఒకతెకు తన పేరు పెట్టుకొనవలెనని. సామాన్యముగ చదువునపుడు ఇవి కరుణరసమును పెంచు మాటలుగ మాత్రమే తోచును. ఆత్మహత్య జరిగిన ఇంటిలోని మౌనము నెరిగిన పాఠకునకు ఇవి సంఘముపై వేసిన దావావలె వినబడును. అట్టి యింట సంతోషసమయమున పలుకరానిది ఆ పేరే. పుట్టిన బిడ్డకు పెట్టరానిదియు ఆ పేరే. పెద్దలు అశుభమందురు, ఆ రాత తిరిగి వచ్చునందురు. గురజాడ సరిగా ఆ రెండు నిషేధములమీదనే చేయి వేసెను. మృతులను గుడిలో నిలుపుడని పూర్ణమ్మ కోరలేదు. ఇంటిలో నిలుపుకొనుడని కోరినది.

ఇంత చెప్పిన పిమ్మట విమర్శకుడు గేయపు ముగింపును గూర్చి మౌనము వహింపరాదు. ముగింపులో పూర్ణమ్మ కన్నులకాంతి కలువలకు, నడకలసొంపు హంసలకు చేరి, ఆమె దుర్గను చేరుకొనును. కవితగ ఇది అనన్యము. కాని యీ చివరి అడుగులో కవి పేరంటాండ్ర సంప్రదాయమునకు మరల తలయొగ్గెను. ఇంటివారి నడుమ మనుష్యురాలుగ ఉండగోరిన బిడ్డ దేవతలో లీనమైపోయినది. ఆమెకొరకు ఎదురుచూచిన తోబుట్టువులు ఆ రాత్రి దాటిన పిమ్మట ఏమైరి? కోరిన పేరును వారు తమ బిడ్డకు పెట్టుకొనిరా? గేయము చెప్పదు. పైగా ఇంత అందమైన ముగింపు, ఆమెవలెనే దుఃఖమున నున్న మరియొక పిల్లకు ఆ దారి అందమైనదిగ తోపింపజేయు ప్రమాదము కలదు. ఇది వట్టి అనుమానము కాదు. 1774లో గేటే మహాకవి వ్రాసిన 'వెర్టర్' నవల చదివి యువకులు కథానాయకుని అనుకరించుచున్నారను భయముతో లైప్జిగ్ నగరాధికారులు మరుసటి యేటనే దానిని నిషేధించిరి. 1987లో వియన్నా నగరమున భూగర్భరైలుమార్గములో జరుగు ఆత్మహత్యల వార్తలను పత్రికలు ఆర్భాటముగ వ్రాయుట మానగా అట్టి మరణములు తగ్గినవి. చెప్పు తీరునకు ప్రాణములను తీయు శక్తి, నిలుపు శక్తి రెండును కలవని దీనివలన తేలుచున్నది.

గేయమున కనబడు మరియొక అంశము కారణమును గూర్చినది. పూర్ణమ్మ కథలో కారణమొక్కటే: ధనాశ. సంస్కరణోద్యమమునకు ఆ ఏకకారణము అవసరము. కథకు దోషి కావలెను. దోషి యున్నచో ప్రేక్షకులకు కోపము వచ్చును. కోపము వచ్చినచో ఆచారము మారును. కాని నిజజీవితమున ఇట్టి మరణము ఏకకారణమువలన సంభవించుట అరుదు. వ్యాధి, విషాదము, అప్పు, అవమానము, ఒంటరితనము, త్రాగుడు ఒకదానితో నొకటి పెనవైచుకొనియుండును. ఒకే కారణము, ఒకే దోషి అని వెదకు అలవాటును కళ మనకు నేర్పినపుడు, ఆ వెదకులాట తుదకు మిగిలినవారివద్దకే వచ్చి నిలుచును. అత్త కోడలిని చూపును, కోడలు అత్తను చూపును. ఊరు ఇద్దరిని చూపును.

ప్రభుత్వమును ఈ వెదకులాటకు దూరముగ లేదు. 2004లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 421వ సంఖ్య ఉత్తరువు ద్వారా ఆత్మహత్య చేసికొన్న రైతుల కుటుంబములకు లక్ష రూపాయల సహాయమును, అప్పుల పరిష్కారమునకై మరియొక ఏబదివేలును ఏర్పరచినది. ఉద్దేశము మంచిదే. కాని సహాయము పొందుటకు ఆ మరణము సేద్యపు అప్పులవలననే జరిగినదని అధికారులు విచారించి నిర్ధారింపవలెను. పట్టా యెవరి పేరనున్నది, అప్పుపత్రమేది, త్రాగెడివాడా, ఇంటిలో తగవులుండెనా అని అడుగుదురు. భర్తను పోగొట్టుకొన్న స్త్రీ దుఃఖించుటకు ముందు రుజువులు చూపవలసి వచ్చును. పరామర్శకు వచ్చిన పొరుగువాడు వేసిన "ఎందుకు?" అను ప్రశ్నయే ఇచ్చట దస్తావేజురూపమును ధరించినది.

కౌలునకు సేద్యము చేసిన రైతు పేర పట్టా యుండదు. స్త్రీ సేద్యము చేసినను పలువురు ఆమెను రైతుగ లెక్కింపరు. ఇట్టివారి కథలను కాగితము వినదు, వినవలసినది కళయే. ఈ విషయమున పెన్‌గంగకు ఆవలి మహారాష్ట్రులు మనకంటె ఒక అడుగు ముందు వేసిరి. ఆ నదికి ఒక ఒడ్డున ఆదిలాబాదు, మరియొక ఒడ్డున యవత్మాల్. రెండువైపుల ప్రత్తిచేలే, రెండువైపుల అప్పులే. విదర్భలో శ్యాం పేట్కర్ రచించి, హరీశ్ ఇఠాపే దర్శకత్వము వహించిన 'తేరవం' అను మరాఠీ నాటకమునకు ఆ పేరు పదుమూడవ దినపు కర్మనుబట్టి వచ్చినది. అందలి పాత్రధారిణులు ఆత్మహత్యామృతులైన రైతుల కుటుంబములలోని స్త్రీలే. వారిలో నొకరైన వైశాలీ యేడే, 2019 జనవరిలో యవత్మాల్‌లో జరిగిన 92వ అఖిల భారతీయ మరాఠీ సాహిత్యసమ్మేళనమును ప్రారంభించిరి. ముందుగ ఆహ్వానింపబడిన ఆంగ్లరచయిత్రి నయనతారా సెహగల్ గారి ఆహ్వానము రద్దగుటచే ఈ అవకాశము కలిగిన మాట వాస్తవమే. కారణమేదైనను, సాహిత్యపరులు కూర్చుండు వేదికపై రైతువితంతువు అధ్యక్షస్థానపు సరసన నిలిచి మాటలాడుట మన జనకళల చరిత్రలో గుర్తింపదగిన ఘటన.

ఈ నాటకపు పేరులోనే దాని దృష్టి వ్యక్తమగుచున్నది. కర్మ ముగిసి, బంధువులు వెడలిపోయిన పిమ్మట మిగిలిన జీవితమును అది సూచించును. మన కథలు ఆగినచోట అది మొదలగును. అయినను ఈ మార్గమున ఒక ప్రమాదము కలదు. దుఃఖితురాలిని రంగస్థలముపై నిలిపి ఆమె కన్నీటిని మనము చూచి ఆనందించు స్థితి రాకూడదు. ఆమె తన యిష్టముచే వచ్చుచున్నదా? వలదనుటకు ఆమెకు స్వాతంత్ర్యము కలదా? భర్త చావును మాత్రమే గాక తన సేద్యమును, తన పిల్లల చదువును, తన కోపమును, తన నవ్వును గూర్చి చెప్పుటకు ఆమెకు చోటున్నదా? ఇట్టి కళను పరీక్షించు గీటురాళ్ళు ఈ ప్రశ్నలే.

మాటలాడజాలని వారికి చేతిపని యొక దారి. అమెరికాలో ఎయిడ్స్ వ్యాధితో మరణించినవారిని స్మరించుటకు 1987లో వారి బంధుమిత్రులు ఒక మహాస్మారకవస్త్రమును కుట్టనారంభించిరి. ఒక్కొక్క మృతునకు ఆరడుగుల పొడవు, మూడడుగుల వెడల్పుగల ఒక్కొక్క పలక. దానిపై అతని పేరు. ఆనాడు ఆ వ్యాధి పేరు చెప్పుటకే జనులు జంకిరి. ఆ వస్త్రము పేరులను బహిరంగముగ నేలపై పరచినది. పిమ్మట ఆత్మహత్యామృతుల కుటుంబములవారును ఆ పద్ధతిని అనుసరించి స్మారకవస్త్రములను కుట్టుకొనిరి. ఇది మనకు పరాయివిద్య కాదు. అవ్వల పాతచీరలను, తాతల పంచెలను అతుకు వేసి కుట్టిన బొంతలో పండుకొని పెరిగినవారము మనము. పోయినవారి బట్టలోని వెచ్చదనము బ్రతికియున్నవారికి చేరుట బొంతలోని సహజగుణము. పదిమంది స్త్రీలు కూర్చుండి కుట్టునపుడు ఒకరి ముఖము నొకరు చూడనక్కరలేదు. చేతులు పనిలో నుండగా మాట తనంత తాను వెలికి వచ్చును.

మాటకు సంబంధించిన కళలలో ఈ పనికి మిక్కిలి తగినది, నా యభిప్రాయమున, బుఱ్ఱకథ. తంబురతో కథకుడు, గుమ్మెటలతో ఇరువురు వంతలు. వంతలలో ఒకడు హాస్యము చెప్పును, మరియొకడు లోకవ్యవహారమును ముచ్చటించును. 1940లలో ప్రజానాట్యమండలివారు, ముఖ్యముగ నాజరుగారు, ఈ కళను కాలపు సమస్యలకు అన్వయించి దాని శక్తిని నిరూపించిరి. మన ప్రస్తుతవిషయమునకు అవసరమైన గుణము దాని నిర్మాణములోనే యున్నది: వంత ప్రశ్నించును, కథకుడు బదులు చెప్పును. తల్లిని గుచ్చి గుచ్చి అడుగు ఆ "ఎందుకు?" అను ప్రశ్నను ఇచ్చట వంత అడుగును. కథకుడు అప్పును గూర్చి, విషాదవ్యాధిని గూర్చి, చికిత్స కలదను సంగతిని గూర్చి చెప్పవచ్చును. అన్నిటికంటె ముఖ్యముగ, "పూర్తిగా మనకు తెలియదు" అని చెప్పుటకును అతనికి అవకాశము కలదు. ఆ మాటను వేయిమంది నడుమ తంబుర మీటి చెప్పగలిగినచో, మరునాటినుండి ఆ ఊరిలో ఏ తల్లియు సమాధానము చెప్పనక్కరలేదు. హాస్యపువంత ఉండుటయు మేలే. పూర్ణమ్మ కోరినది సంతోషసమయమునందలి స్మరణమే కదా.

ఇట్టి ప్రయోగములకు తెలుగునాటి వెలుపలనున్న మన సంఘములు అనుకూలములు. చుట్టునున్న భాష వేరైనచోట దుఃఖమునకు సొంతభాష కరువగును. సోలాపురపు మగ్గముల నడుమనో, బరంపురపు వీధులలోనో, హోసూరు పల్లెలలోనో నివసించు తెలుగుతల్లికి తన గోడు తన మాటలో చెప్పుకొనుటకు సంఘమందిరము తప్ప వేరుచోటు అరుదు. కళాప్రదర్శన ఏర్పాటు చేయువారు కొన్ని నియమములను పాటింపవలెను. మరణించిన విధమును వర్ణింపరాదు, చూపరాదు. మరణమును పరిష్కారముగ గాని, వీరకృత్యముగ గాని, పాపముగ గాని చెప్పరాదు. ప్రదర్శనానంతరము కలతపడినవారితో మాటలాడుటకు తెలిసినవారు దగ్గరనుండవలెను. చెన్నపురిలో 1986నుండి 'స్నేహ' సంస్థ ఈ పని చేయుచున్నది. 2022 అక్టోబరులో కేంద్రప్రభుత్వము ప్రారంభించిన 'టెలి మానస్' సేవకు 14416 అను సంఖ్యకు ఫోను చేసి తెలుగులోను మాటలాడవచ్చును. ఈ సంఖ్యను రంగస్థలముపైననే చదివి వినిపించుట కళకు లోపము కానేరదు.

ఈ పనిలో మొదటి అడుగునకు రంగస్థలమైనను అక్కరలేదు. ఇట్టి సంచికల చివర ఆ సంవత్సరము దివంగతులైన సభ్యుల పేర్లను, పటములను ప్రకటించు ఆచారము పెక్కు సంఘములలో కలదు. తమ బిడ్డ పేరు అచ్చట ఉండవచ్చునో, ఉండరాదో అని సందేహించి పటము పంపక ఊరకున్న తలిదండ్రులు ప్రతి ఊరిలోను ఉందురు. కార్యదర్శులు వారి యింటికి వెళ్ళి, ఎందుకని అడుగక, పేరును పటమును అడిగి తీసికొనిరావలెను. అక్షరక్రమమున తక్కిన పేర్లతో కలిపి, మరణకారణమును గూర్చి ఒక్క మాటయు లేకుండ, దానిని అచ్చొత్తింపవలెను.